మసేనమ్మ మెడలో పిన్నీసు

నేను ఒక పిన్నీసును. ఏదో కార్ఖానాలో తీగముక్కగా పుట్టి, పదకొండుమంది తోబుట్టువులతో ఒకే అట్టకు గుచ్చుకుని భీమిలి వచ్చాను. మసేనమ్మ నన్ను కొని పుస్తెలతాడుకు తగిలించింది. బంగారం పక్కన చోటు దొరికేసరికి నాకు కాస్త పొగరెక్కింది.

మసేనమ్మ గంప నెత్తిన పెట్టుకుని చేపలమ్మేది. “వంజరాలు, సందువాలు, నెత్తళ్లో” అని కేకేస్తే పిల్లులు గోడలు దిగి వచ్చేవి. ఆ నోరే ఆమె బతుకుతెరువు. నాకూ పని చేతినిండా ఉండేది. ఊడిన జాకెట్టు హుక్కు, కాల్లో ముల్లు, అన్నం తిన్నాక పళ్లలో ఇరుక్కున్న చేపముల్లు. మొగుడు ఎల్లాజీ వద్దంటే, “ముల్లుని ముల్లుతోనే తియ్యాల” అనేది. చిగుళ్లలో నెత్తురొస్తే నన్ను కొంగుతో తుడిచి మళ్లీ మెడలోనే పెట్టుకునేది. తుడిస్తే శుభ్రమైపోతుందని మనుషులకు గొప్ప నమ్మకం.

ఒక వేసవిలో మసేనమ్మను పట్టుకున్న జ్వరం మూడు వారాలైనా వదల్లేదు. మాత్ర మింగి గంపెత్తుకునేది. ఒక ఉదయం ఓ ఇల్లాలికి వంజరం అందిస్తూ, “గొడుగు తీసుకో” అంది. ఆవిడ నవ్వబోయి ఆగిపోయింది. మసేనమ్మ కుడిచెయ్యి వేలాడిపోతోంది.

పెద్దాసుపత్రి డాక్టరమ్మ పరీక్షలన్నీ చూసి ఎల్లాజీకి విడమర్చి చెప్పింది. చిన్నప్పుడెప్పుడో వచ్చిన కీళ్లజ్వరంతో గుండెలో ఒక కవాటం దెబ్బతింది. రక్తంలో చేరిన క్రిములు దానిమీద తిష్ఠవేశాయి. అక్కణ్ణించి ఓ ముక్క ఊడి మెదడు రక్తనాళానికి అడ్డుపడింది.

“క్రిములు నోట్లోంచే వెళ్లి ఉండొచ్చు. పళ్లు దేంతో కుట్టుకుంటుంది?”

పరీక్షలకని తీసి తన చేతికిచ్చిన పుస్తెలతాడు మీద ఎల్లాజీ నన్ను చూపించాడు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఆరువారాలు నరంలోకి మందు ఎక్కించారు. జ్వరం దిగింది, చెయ్యి లేచింది. మాటలే దారికి రాలేదు. చేప బొమ్మ చూపిస్తే కుర్చీ అనేది, ఏడ్చేది. ఐదోవారంలో ఎల్లాజీ పంచె మడతలో ఎండుచేపలు దాచి తెచ్చాడు. “ఇయ్యేటి, సెప్పు. కవ్వళ్లా?”

మసేనమ్మ ఒకదాన్ని తీసి వేళ్లతో తిప్పి చూసింది. “నెత్తళ్లు. నెత్తళ్లు కూడా తెల్దు, నువ్వేటి మొగుడివి?”

తిట్టించుకుని అంత ఆనందంగా ఏడ్చిన మగాణ్ణి నేను చూడలేదు. వాసన పట్టి వచ్చిన నర్సు కిటికీ తెరిచి వెళ్లిపోయింది.

ఇప్పుడు నేను గోడమీది క్యాలెండరుకు ఒక చీటీని పట్టుకుని ఉంటున్నాను. పంటివైద్యం చేయించుకునేముందు గుండె సంగతి చెప్పాలని అందులో రాసుంది. మొన్న భోజనమయ్యాక మసేనమ్మ చెయ్యి అలవాటుగా మెడ తడుముకుంది. నావైపు చూసి, నీళ్లు పుక్కిలించి వచ్చింది.

“అక్కడే ఉండు” అంది. రెండు మాటలు, రెండూ తప్పులేకుండా.

అక్కడే ఉన్నాను.