బొప్పాయి చెట్టు తాగిన బీరు

క్రిస్మస్‌కి బిర్యానీ వండే మా పెద్ద డేక్సాకి మా ఆయన అడుగున బెజ్జం పెట్టి కుళాయి బిగించారు. నన్ను అడగలేదు. అడిగితే వద్దంటానని ఆయనకు తెలుసు. అంతకు ముందే పాత ఫ్రిజ్ మేడమీదికి ఎక్కింది. దాని వెనకాలే మిక్సీ పెట్టుకునే బల్ల, నా నర్సింగ్ రోజుల నాటి స్టాప్ వాచీ. ఒక్కొక్కటే మాయమవుతుంటే ఎలుక ఎత్తుకుపోతోందా అనుకున్నాను. ఎలుకైతే నయం, బోను పెడితే పడుతుంది.

ఆయన పేరు ఆమోసు. చక్కెర మిల్లులో ముప్పై ఏళ్ళు మీటర్లు చూసే పని చేశారు, ఏ తొట్టిలో ఎంత వేడి ఉంది, ఏ గొట్టంలో ఎంత ఒత్తిడి ఉంది అని. రిటైరైన మగవాళ్ళు పటమటలో ఏం చేస్తారు? రైతుబజారుకెళ్ళి వంకాయలు ఏరతారు, చర్చి కమిటీలో చేరి తగాదాలు పెట్టుకుంటారు. మా ఆయన మేడమీద రేకుల షెడ్డులో బీరు కాచే మెషీన్ కడుతున్నారు. మెషీన్ అంటే ఊరుకోరు. సిస్టం అనాలి.

ఆ సిస్టం సంగతి నేను వద్దన్నా వినిపించారు. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని బరకగా ఆడించి, అరవై ఆరు డిగ్రీల నీళ్ళలో గంటసేపు ఉంచాలి. వేడి ఎక్కువైనా తక్కువైనా చెడుతుంది. అందుకని డేక్సాలో ఒక సెన్సారు, అది చెప్పిన ప్రకారం హీటరు దానంతటదే ఆరుతుంది, వెలుగుతుంది. తరవాత ఆ తియ్యటి నీళ్ళను పంపు ఇంకో గిన్నెలోకి తోడుతుంది. అక్కడ ఏవో చేదు పూలు వేసి మరగబెట్టి, చల్లార్చి, ఈస్టు కలిపి రెండు వారాలు ఫ్రిజ్‌లో పెట్టాలి. అంతా ఫోన్‌లోంచే నడుస్తుంది. భోజనం మధ్యలో ఎడమచేత్తో ఫోన్ తీసి, "అరవై అయిదున్నర" అంటారు. కూర ఎలా ఉందో మాత్రం అడిగితే గానీ చెప్పరు.

"ఇంతా చేసి తాగేదెవరండీ?" అని అడిగాను.

"ఎవరూ తాగరు."

"మరెందుకు?"

"సిస్టం సరిగ్గా పనిచేస్తందో లేదో చూడాలి కదా."

ఆ జవాబుకి నాకు ఒళ్ళు మండిపోయింది. లైసెన్సు లేకుండా ఇంట్లో బీరు కాస్తే కేసు పెడతారన్నాను. "అమ్మట్లేదు, తాగట్లేదు, ఏమని పెడతారు" అన్నారు. ఆ రెండో మాట దగ్గరే నా భయమంతా ఉంది.

ఆరేళ్ళ క్రితం వరకు మా ఆయన తాగేవారు. కొంచెం కాదు. కంకిపాడులో ఒక పెళ్ళి నుంచి వస్తూ స్కూటర్‌ని బందరు కాలువలోకి దింపేశారు, వెనక నేనున్నాను. ఆయన ఒంటిమీద గీత కూడా పడలేదు. నా కుడి మణికట్టులో రాడ్డు వేశారు. నేను ఆసుపత్రి మంచం మీద ఉండగానే, పాస్టరు కృపానందం గారి ముందు ప్రార్థన చేసి, ఇక చుక్క కూడా నాలుక మీద పెట్టనని నాకు మాటిచ్చారు. అప్పటినుంచి ప్రతి జనవరి ఒకటిన సంఘంలో నిలబడి సాక్ష్యం చెబుతారు, ఇన్నేళ్ళయింది, దేవునికి స్తోత్రం అని. అందరూ స్తోత్రం అంటారు. నేనూ అంటాను, కానీ నాకు నమ్మకం కుదరదు. మానేసినవాళ్ళు మళ్ళీ వార్డుకు రావడం నా సర్వీసులో ఎన్నిసార్లు చూశానో.

అందుకే నాకొక పాడు అలవాటు పట్టుకుంది. సాయంత్రం కుటుంబ ప్రార్థనకు కూర్చునేటప్పుడు, పాటల పుస్తకం అందించే వంకతో ఆయన మొహం దగ్గరికి వంగి వాసన చూస్తాను. ఆరేళ్ళలో ఒక్కరోజు మానలేదు. ఎప్పుడూ ఏమీ లేదు. అయినా మర్నాడు మళ్ళీ వంగుతాను. అలాంటిది, ఆ మనిషే నెత్తిమీద ఇరవై లీటర్ల బీరు కాస్తుంటే నాకెలా ఉంటుంది?

మొన్న శనివారం గృహకూడిక వంతు మా ఇంటికి వచ్చింది. మా సంఘంలో ఆడవాళ్ళం వారానికొక ఇంట్లో కూడుకుని ప్రార్థన చేసుకుంటాం. ఆ పూట సిస్టం ఆపేయమని మూడు రోజుల ముందే చెప్పాను. "మొదలెట్టేశాక ఆపితే బార్లీ పాడైపోద్ది. అయినా చప్పుడేం ఉండదు, అంతా ఆటోమేటిక్" అన్నారు. పెద్దావిడ రావమ్మ గారు మోకరించి ప్రార్థన చేస్తుండగా కరెంటు పోయింది. పైన సిస్టం కుయ్ కుయ్‌మని అరవడం మొదలుపెట్టింది. కరెంటు పోతే బ్యాటరీ మీద అరిచే ఏర్పాటు కూడా చేశారట. అరుపుతో పాటు వాసన కూడా మెట్లు దిగి హాల్లోకి వచ్చింది.

రావమ్మ గారు ఆమెన్ చెప్పి కళ్ళు తెరిచారు. "ఏంటి ఎలిజబెత్తూ, బార్లీ కాస్తన్నావా?"

ఎండాకాలంలో బార్లీ నీళ్ళు కాచని ఇల్లు బెజవాడలో ఉండదు. నాకు అబద్ధమాడే అవసరం కూడా లేకపోయింది. అవునండీ అన్నాను.

"నాకు రెండ్రోజుల్నించి ఒకటే వేడి చేసింది. ఓ గ్లాసు ఇద్దూ" అన్నారావిడ. తక్కిన పదిమందీ మాక్కూడా అన్నట్టు చూశారు.

పైకి వెళ్ళి, పరువు తీశారు కదండీ అన్నాను. ఆయన గాబరాపడలేదు. "ఇంకా ఈస్టు కలపలేదు, పూలు కూడా వెయ్యలేదు. ఇప్పుడిది ఉత్త బార్లీ నీళ్ళే" అని జగ్గులోకి వడకట్టి ఐసు ముక్కలు వేసిచ్చారు.

"నిజమేనా?"

"నిజం. పట్టుకెళ్ళు."

కింద అందరూ తాగి, బెల్లం వేశావా అని అడిగారు, తేనె వేశావా అని అడిగారు. షుగరున్నవాళ్ళు కూడా రెండో గ్లాసు పుచ్చుకున్నారు. నాలుగు జగ్గులు మోశాను. ఆయన మెట్ల మీద నిలబడి, వాళ్ళు గుటక వేసినప్పుడల్లా ఒక్కొక్కరి మొహం చూస్తున్నారు. వచ్చే శనివారం కూడా కూడిక ఇక్కడే పెట్టుకుందామని రావమ్మ గారు తీర్మానించేశారు.

ఆదివారం ఆరాధన అయ్యాక, ఇక తాడోపేడో తేల్చుకుందామని పైకెక్కాను. నా డేక్సా నేను తెచ్చేసుకుంటాను, ఫ్రిజ్ పాత సామాన్లవాడికి ఇచ్చేస్తాను. ఆయన స్క్రూడ్రైవరుతో పంపు విప్పుతున్నారు. బల్ల మీద పొడుగు నోటు పుస్తకం ఉంది. మిల్లులో రాసినట్టే గీతలు కొట్టి, తేదీ, బార్లీ, వేడి, గంటలు అని గడులు వేసుకున్నారు. చివరి గడి మీద 'రుచి' అని ఉంది. శనివారానికి ముందు ఏడుసార్లు కాచారు. ఏడు వరసల్లోనూ ఆ గడి ఖాళీ. ఆరింటి పక్కన ఎర్ర పెన్నుతో 'బొప్పాయికి' అని ఉంది. ఏడోది ఇంకా ఫ్రిజ్‌లో ఉంది. ఎనిమిదో వరసలో శనివారం తేదీ వేసి, రుచి గడిలో 'తీపి. రావమ్మ గారు' అని రాసుకున్నారు.

పెరట్లో బొప్పాయి చెట్టు ఈ ఏడు ఎందుకంత విరగకాసిందో అప్పుడర్థమైంది.

"ఒక్కసారి కూడా రుచి చూడలేదా?"

"నాలుక మీద పెట్టనన్నాను కదా." ఆయన తలెత్తలేదు.

"మరెందుకండీ ఈ అగచాట్లన్నీ?"

మరను తిప్పుతూనే చెప్పారు. "ఇరవై ఏళ్ళు అది ఆడించినట్టల్లా ఆడాను ఎలిజబెత్తూ. అది ఎట్లా తయారవుద్దో కూడా నాకు తెలీదు. ఇప్పుడు నేను ఆపితే ఆగుద్ది. అది చూసుకుంటంటే కాస్త ధైర్యంగా ఉంటది." మర ఊడి చేతిలోకి వచ్చింది. "సిస్టం అన్నీ చెప్తది. బాగుందో లేదో మాత్రం చెప్పలేదు."

నా కోపం తగ్గలేదు, కానీ అది ఎవరి మీద చూపించాలో తెలియలేదు. ఫ్రిజ్ తెరిచి ఒక సీసా తీశాను. మూత తీయమన్నాను.

"నువ్వా?"

"మాటిచ్చింది మీరు. నేనివ్వలేదు."

చర్చిలో ప్రభు బల్ల దగ్గర ఇచ్చే ద్రాక్షరసం తప్ప ఎరగని దాన్ని, స్టీలు గ్లాసు నిండా పోసుకున్నాను. ఆయన పెన్ను పట్టుకుని నా మొహంలోకి చూస్తూ కూర్చున్నారు. చేదన్నాను. చేదు నాలుక ముందా, వెనకా అని అడిగారు. మళ్ళీ తాగి, వెనక అన్నాను. మింగాక కాల్చిన రొట్టె వాసన ఉందన్నాను. అదీ రాసుకున్నారు. అలా అడుగుతుంటే, చెబుతుంటే, గ్లాసు ఖాళీ అయింది. "బాగానే ఉందండీ" అన్నాను. ఆయన ఆ మాట రాసుకుని రెండుసార్లు చదువుకున్నారు.

సాయంత్రం ప్రార్థనకు కూర్చున్నాం. పాటల పుస్తకం అందిస్తూ అలవాటు కొద్దీ వంగాను. ఆయన కుర్చీతో సహా వెనక్కి జరిగారు.

"ఏమైందండీ?"

"వాసన వస్తంది. నీ నోట్లోంచి." చేతులు రెండూ మోకాళ్ళ మధ్య బిగించుకున్నారు. "గిన్నెలో వాసనకి నాకేం అవదు. మనిషి నోట్లోంచి వస్తే తట్టుకోలేను. కాసేపు దూరంగా కూర్చో."

కుర్చీ వెనక్కి జరుపుకున్నాను. ఆయనే మళ్ళీ అన్నారు, నెమ్మదిగా. "రోజూ నువ్వు వంగినప్పుడు నేను ఊపిరి వదుల్తాను. నీకు సరిగ్గా తెలియాలని."

ఆరేళ్ళు. ప్రతి సాయంత్రం. సిగ్గుతో నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

లేచి సింకు దగ్గరికి వెళ్ళి పళ్ళు తోముకున్నాను, రెండు లవంగాలు నమిలాను. వచ్చి ఆయన ముందు నిలబడి, వంగి, ఊపిరి వదిలాను. "చూడండి" అన్నాను.

ఆయన కళ్ళు మూసుకుని వాసన చూశారు. "ఇంకా కొంచెం ఉంది."

మళ్ళీ వెళ్ళి తోముకున్నాను. మళ్ళీ వచ్చి ఊపిరి వదిలాను. ఈసారి చాలాసేపు చూశారు. మోకాళ్ళ మధ్య నుంచి చేతులు తీసి, పాటల పుస్తకం అందుకున్నారు.

"ఎన్నో నంబరు?" అన్నారు.