వెచ్చబెడితేనే లేచే కంప్యూటర్

మా ఆయన కంప్యూటర్ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, దాని పక్క రేకు విప్పి, నా హెయిర్ డ్రయర్‌తో లోపలికి వేడిగాలి కొడుతున్నాడు.

"ఏమైంది?" అన్నాను.

"ఏం కాలేదు. గది చల్లగా ఉంది కదా, ర్యామ్, అదే మెమరీ, కాస్త బద్ధకిస్తోంది. వెచ్చబడితే అదే లేస్తుంది."

ఆఫీసు తెరిచేలోగా నేను ఆసుపత్రి మెట్ల డ్రాయింగు పంపాలి. అది ఆ పెట్టెలోనే ఉంది. ఇప్పటికే రెండుసార్లు నా ఫైళ్ళు పాడయ్యాయి. "మళ్ళీ ఇలాగే అయితే పని వేరేవాళ్ళకి ఇవ్వాల్సొస్తుందమ్మా" అన్నాడు మా పెద్ద ఇంజనీరు, మెత్తగా. తిట్టి ఉంటే కాస్త నిద్రయినా పట్టేది. పాప పుట్టాక నాలుగేళ్ళు ఇంట్లో ఉండి మళ్ళీ పట్టుకున్న ఉద్యోగం ఇది.

కొందరికి పేకాట, మా ఆయనకి కంప్యూటర్. కొన్నదాన్ని కొన్నట్టు ఉండనివ్వడు. ర్యామ్‌కి కంపెనీవాళ్ళు పెట్టిన వేగం మీద ఇంకాస్త, ఇంకాస్త అంటూ పెంచుతాడు. వేగం పరీక్షలో అంకె పెరిగితే నన్ను వంటింట్లోంచి పిలిచి మరీ చూపిస్తాడు. నేనూ గరిటె పట్టుకునే వచ్చి "అబ్బో" అంటాను. ఆ అంకె ఏమిటో ఆ దేవుడికే తెలియాలి.

ఫ్యాను గిర్రున తిరిగి ఆగింది. మళ్ళీ తిరిగి ఆగింది. తెర నల్లగానే ఉంది.

"వేరే దారే లేదా?"

"ఉంది. ఈ బ్యాటరీ బిళ్ళ కాసేపు తీసి పెడితే కొన్నప్పటి సెట్టింగులకి వచ్చేస్తుంది."

"మరి తియ్యి."

"నేను పెట్టినవన్నీ పోతాయి. చలికాలమంతా కూర్చుని కుదుర్చుకున్నాను. ఇంకొక్కసారి చూద్దాం."

మళ్ళీ డ్రయర్ ఎత్తాడు. అప్పుడు నాకొక అనుమానం వచ్చింది.

"లేవడమే కష్టమా, పని మధ్యలో కూడా తప్పులు చేస్తుందా ఇది?"

డ్రయర్ ఆగింది.

"ఎప్పుడైనా ఒకటీ అరా... గేములు ఆడితే తెలియదు."

"ఫైళ్ళలో?"

"పాడవ్వచ్చు" అన్నాడు రేకు వైపు చూస్తూ.

రెండోసారి ఫైలు పోయిననాడు నా బుర్రే తుప్పు పట్టిందనుకుని స్నానాలగదిలో కుళాయి తిప్పి ఏడ్చాను. ఈ మనిషే తలుపు తట్టి, "కొత్తలో అందరికీ చెయ్యి తప్పుతుందిలే" అని ఓదార్చాడు.

"ఆ రోజు నీకు తెలుసా?"

"అనుమానం వచ్చింది. కానీ పరీక్షలన్నీ పాసైంది కదా అని..."

ఒళ్ళు మండిపోయింది. చెయ్యి చాపాను. ఆయన ప్లగ్గు పీకి, బిళ్ళ ఊడదీసి నా అరచేతిలో పెట్టాడు. అది ఇంకా వెచ్చగా ఉంది. కాసేపాగి తిరిగి ఇచ్చాను.

ఈసారి తెర వెలిగింది. మెట్టు మెట్టూ, మలుపు మలుపూ, కొలతలన్నీ సరిచూసుకున్నాను. అంతా ఉన్నట్టే ఉంది. పంపాను. "అందిందమ్మా, బాగుంది" అని ఇంజనీరు నుంచి జవాబు వచ్చేదాకా కుర్చీలోంచి లేవలేదు.

ఆయన గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నాడు.

"బాగా స్లో అయిపోయిందా?" అన్నాడు దిగులుగా.

"ఎప్పుడూ ఎలా ఉందో అలాగే ఉంది" అన్నాను.