పొయ్యి కాడి మనిషి

"నువ్వు పొయ్యి కాడ కూసో, మేం చూసొస్తం" అన్నాడు బాలరాజ్, కూతురు భవితను వెంటబెట్టుకుని గుట్ట ఎక్కబోతూ. శోభ ఉల్లిగడ్డలు కోస్తూ తలూపింది. ఏటా ఇదే గుట్ట, ఇదే మాట. మైసమ్మకు కోడిని కోసి, గుట్ట కిందే వండుకుని తిని రావడం ఆ ఇంటి ఆనవాయితీ. కూర ఉడికేదాకా పొయ్యి దగ్గర మనిషి ఉండాలన్నది అత్త నర్సింహమ్మ పెట్టిన నియమం. ఆ మనిషి శోభే. శోభ కోడలిగా రాకముందు నర్సింహమ్మ.

ఒకప్పుడు ఆ గుట్ట మీదికి మేకల దారి తప్ప ఏమీ లేదు. ఇప్పుడు మెట్లు, నడకదారి, కొసన నిలబడి చూడటానికి ఇనుప కమ్మీలతో ఒక గద్దె కట్టారు. ఇబ్రహీంపట్నంలో సగం మంది ఆదివారం పొద్దున అక్కడే ఉంటున్నారు. "ఆడ ఏముంటదే, రాళ్లు, గాలి" అంటాడు బాలరాజ్. రాళ్లూ గాలీ చూడటానికి అంతసేపు ఎందుకో, దిగగానే ఫోటోలన్నీ స్టేటస్‌లో పెట్టడం ఎందుకో ఆయన చెప్పడు. పోయినేటి ఫోటోను వేళ్లతో పెద్దది చేసి చూసింది శోభ. ఊరున్న చోటంతా మొగుడి తలకాయే అడ్డం. ఆమెకు కావలసింది పెద్దదేమీ కాదు. శేరిగూడ కాలేజీ ఆఫీసులో ఆమె కుర్చీ పక్క కిటికీలోంచి రోజూ ఈ గుట్టే కనబడుతుంది. ఫీజు రసీదులు రాస్తూ, "మీరు పెడ్తేనే చాయ్ మంచిగుంటది మేడం" అనే తోటి గుమాస్తాలకు చాయ్ పెడుతూ, ఆమె ఈ గుట్టనే చూస్తుంది. ఒక్కసారి గుట్ట మీద నిలబడి ఆ కిటికీని చూడాలి. ఇంత చిన్న కోరిక ఇన్నేళ్లు వాయిదా పడిందంటే ఆమెకే నవ్వొచ్చింది, వెనకే ఒళ్లు మండింది.

నాటుకోడి ముదురుది. తండ్రీ కూతుళ్లు దిగి వచ్చేసరికి ముక్క ఇంకా గట్టిగానే ఉంది.

"ఇంక కాలేదా?" అంటూ చాప మీద వాలాడు బాలరాజ్.

శోభ కొంగు దులుపుకుని లేచింది. "కాలే. గంతలోపల నేను పైకి పోయొస్త."

"మరి కూర?"

"నువ్వున్నవ్ గద."

బాలరాజ్ పొయ్యి పక్కన కూర్చున్న తల్లి వైపు చూశాడు. "గిదేందమ్మా, పొయ్యి ఇడిశిపెట్టి పోవద్దంటవ్ గద నువ్వు?"

శోభ కూడా అత్త వైపే చూసింది. అత్త కాదంటే మళ్లీ ఏడాది ఆగాలి. నర్సింహమ్మ పొయ్యిలోకి కట్టె ఎగదోసి, తాపీగా కొడుకు మొహంలోకి చూసింది.

"పొయ్యి కాడ మనిషుండాలె అన్న. ఆడిమనిషే ఉండాలె అని ఎవరన్నర్రా?"

గంటె కొడుకు చేతిలో పెట్టి, మోకాళ్లు పట్టుకుని లేచింది. "నడు శోభా, నేను గూడ వస్త. మీ మామ ఉన్నప్పటికెళ్లి కిందనే కూసుంటున్న."

భవిత నాయనమ్మ చేయి పట్టుకుంది. ఆగుతూ, ఆయాసపడుతూ, మధ్యలో కూర్చుని ఎందుకో తెలియకుండా నవ్వుకుంటూ ముగ్గురూ కొసకు చేరారు. ఒక్కసారిగా గాలి. కింద ఎండలో మెరుస్తున్న పెద్ద చెరువు, సాగర్ రోడ్డు మీద పాకుతున్న బస్సులు, ఊరి కప్పులు, బొంగులూరు దిక్కు కొత్త ఇళ్లు, దూరంగా మసకలో పట్నం మేడలు. శోభ వాటినన్నిటినీ దాటుకుని శేరిగూడ వైపు వెతికింది. పసుపు రంగు భవనం, రెండో అంతస్తు, చివరి కిటికీ. అగ్గిపుల్ల కొసంత ఉంది. ఏళ్ల తరబడి తాను కూర్చున్నది అంత చిన్న చోటా అని విస్తుపోయింది. కళ్లు చెమర్చాయి, అయినా సంతోషంగానే ఉంది.

"మస్తుగున్నది గదనే" అంది నర్సింహమ్మ గద్దె మీద కాళ్లు చాపుకుని. "రాళ్లు, గాలి అని చెప్పిండు మీ మామ గూడ."

ఫోను మోగింది. బాలరాజ్.

"శోభా, ముక్క ఉడికిందో లేదో ఎట్ల తెలుస్తది?"

"గంటెతోని నొక్కి సూడు. అడుగంటకుంట కలుపు."

"కండ్లల్ల పొగ వోతున్నది. ఇంకెప్పుడొస్తరు?"

శోభ కమ్మీ పట్టుకుని కిందికి వంగింది. చెట్ల నడుమ సన్నటి పొగ, దాని పక్కన వంగి ఊదుతున్న ఒక మనిషి. అత్తకు చూపించింది. ఇద్దరూ మొహాలు చూసుకుని నవ్వారు.

"నువ్వు పొయ్యి కాడ కూసో" అంది శోభ. "మేం ఇంక సూస్తున్నం."