కాగితంలో లేని కొసరు

సరిహద్దు వంతెన దగ్గర తనిఖీ అధికారి మా మూడో కట్ట కూడా విప్పి లెక్కపెట్టాడు. మళ్ళీ పదకొండే.

"కాగితంలో కట్టకి పది నాచు రేకులని ఉందేంటమ్మా?"

కాగితం నింపింది నేను. కట్టలు కట్టింది మా అత్త ఖాంపేన్, ఆమె స్నేహితురాళ్ళు.

"పదే బాబూ. పదకొండోది కొసరు," అంది అత్త, ఆ మాత్రం తెలీదా అన్నట్టు.

"కొసరుకి ఇందులో గడి లేదు పెద్దమ్మా."

ఏటి అవతలి దేశం సరుకు మీద పన్ను తీసేశాక మా ఊరు హువేసాయ్ బజారంతా రంగురంగుల చిరుతిండి పొట్లాలే. బడిపిల్లలు మా నాచు రేకుల వంక చూడటం మానేశారు. మెకాంగ్ ఏట్లో మోకాలిలోతు నీళ్ళలో నిలబడి తీసిన నాచుని పల్చగా పరిచి, నువ్వులూ వెల్లుల్లీ టమాటా ముక్కలూ అద్ది ఎండబెట్టి, చివరికి మేమే వేయించుకు తిన్నాం. మా సరుకు మీద అటువైపూ పన్ను లేదని తెలిశాక, అవతల కొట్టున్న నొప్పవాన్‌ని పట్టుకుని నాలుగు వందల కట్టలకి బేరం కుదిర్చాను. ఇది చెడితే అత్త ఇక ఏట్లో దిగదు. నేను అరటితోటలో కూలికి పోవాలి.

కొత్త కాగితం రేపటిగ్గానీ రాదట. నొప్పవాన్ బండి అవతల నాలుగింటిదాకే ఆగుతుంది. అప్పటికే ఒకటిన్నర.

"కొసరు తీసేద్దాం అత్తా."

"పదికి పదీ లెక్కపెట్టి ఇస్తే మొహాన కొట్టినట్టు ఉండదూ? మా అమ్మ బతికున్నన్నాళ్ళూ అలా అమ్మి ఎరగదు."

"మీ అమ్మ వంతెన దాటి అమ్మలేదుగా!"

అత్త నావైపు గుర్రుగా చూసింది. తర్వాత రోడ్డు పక్కన చాప పరిచి కూర్చుని, మొదటి కట్ట వెదురు బద్ద విప్పింది. తీసిన రేకుని ఒళ్ళో పెట్టుకుంది, పక్కన పడెయ్యలేక.

వరసలో ఆగిన లారీ డ్రైవరొకడు వచ్చి నిలబడ్డాడు. "పెద్దమ్మా, ఆ మిగిలినవి మాకు పెట్టవా? పొద్దున్నుంచీ ఉత్త జిగురన్నమే."

"ఊరికే ఎందుకు పెడతాను? కూర్చుని కట్టలు విప్పు."

అతను ఇంకో ముగ్గుర్ని పిలిచాడు. ఒకడు లారీలోంచి పొయ్యి దింపాడు. వేగిన నాచు వాసనకి మరో ఇద్దరొచ్చారు. కట్టలు తప్పుగా కడుతున్నారని అత్త అందర్నీ తిట్టిపోసింది. మూడూ యాభైకి అధికారి నాలుగు కట్టలు విప్పి చూసి, ముద్ర కొట్టాడు.

మూడోనాడు నొప్పవాన్ ఫోన్ చేసింది. "సగం అయిపోయాయి వియెంగ్. పై నెలకి ఎనిమిది వందలు పంపగలరా?"

నేను అత్త వైపు చూశాను. ఆమె చేతులు తుడుచుకుంటూ, "ఏరు పొంగేలోగా వాడలో ఆడవాళ్ళందర్నీ దింపితే అవుతుంది, అవుతుందని చెప్పు," అంది.

ఫోన్ పెట్టేశాక వచ్చి నా పక్కన కూర్చుంది.

"ఏమే, ఈసారి ఆ కాగితం నాతో కలిసి రాయి. ఏ గడిలో ఏముందో చదివి చెప్పు."