పాదం లేని నామం

వడమాలపేట భజన మందిరంలో పది గంటలకు ముహూర్తం. గోడ మీద కొత్తగా వేయించిన రామానుజుల వారి బొమ్మకు తెర తీయాలి. తొమ్మిదిన్నరకు ప్రసాదం గిన్నె దించి వచ్చిన అలివేలమ్మ, తెర కొంచెం ఎత్తి చూసి గుండె మీద చెయ్యి వేసుకుంది.

"నామానికి పాదం యాడప్పా?"

బొమ్మ వేసిన రాజారత్నం గబగబా వచ్చి చూశాడు. ఆదివారం చర్చికి పోయే మనిషి, ఎవరో ఇచ్చిన క్యాలెండరు చూసి వేశాడు. అందులో నామం కనుబొమల దగ్గరే ఆగిపోయింది. ఈ మందిరం వాళ్లదేమో తెంగల వైష్ణవుల నామం, తెల్లటి పాదం ముక్కు మీదికి దిగి తీరాలి. నామాల గొడవలో వేలు పెట్టి బాగుపడినవాడు ఇంతవరకు లేడు.

"ఒక్క గీతే గదా, దిద్దు" అంది అలివేలమ్మ.

ఒక్క గీతే. కుంచె తీసుకోగానే చెయ్యి వణికింది. ఆరు నెలలుగా ఇదే వరస. భార్యకు కూడా చెప్పలేదు. తలుపులు మూసుకుని, ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకుని, నలభై రోజులు పడరాని పాట్లు పడి వేశాడు ఆ ముఖాన్ని. సంగతి బయటపడితే ఇంక ఏ గోడా అతనికి ఇవ్వరు.

మేళం వీధి మలుపు తిరిగింది. కుంచె ముక్కు దాకా పోయి వెనక్కి వచ్చింది. మళ్లీ పోయింది. రంగు చుక్క నేల మీద పడింది.

అలివేలమ్మ ఆ చేతినే చూసింది. ఏమీ అడగకుండా బల్ల ఎక్కి, చూపుడువేలు తెల్లరంగులో ముంచింది.

"వద్దక్కా! ముఖం పాడైపోతాది!"

"మా ఆయనకి ముప్పైయేండ్లు నేనే పెట్టినానప్పా. ఆయన పోయిన రోజు కూడా."

వేలు ముక్కు మీదికి దిగి, ఆగాల్సిన చోట ఆగింది.

తెర తీశారు. మందిరం పెద్ద రఘునాథ్ చాలాసేపు చూసి చెంపలు వేసుకున్నాడు.

"ఏం పాదం దించినావప్పా! పక్కగోడ మీద గరుడ సేవ కూడా నువ్వే వెయ్యల్ల."

ఊ అంటే చాలు, బతుకు నిలబడుతుంది. రాజారత్నం అనలేకపోయాడు.

"ఆ పాదం నాది కాదయ్యా. నా చెయ్యి వణకతా ఉండాది. అక్క పెట్టింది."

మేళం ఆగిపోయింది. అందరూ అలివేలమ్మ వైపు తిరిగారు. ఆమె వేలిని కొంగుకు తుడుచుకుంటూ ఉంది.

"గరుడునికి నామం యాడ పెట్టల్లో నాకు తెలుసులే. ఎప్పుడో చెప్పండి, పొయ్యి పని ముగించుకోని వస్తా."

రఘునాథ్ ముక్కు మీది పాదాన్ని ఇంకోసారి చూశాడు.

"సోమవారం రండి" అన్నాడు. "ఇద్దరూ."