నీలోర్మి వారి తరంగనాయిక

ఆషాఢమేఘములు తూర్పుకనుమల తలలపైనుండి దిగివచ్చి సాగరముఖమున నీడలు పరచుచు కురియుదమా మానుదమా యని తర్కించుచున్నట్లు తారాడుచుండగా వాని సందులనుండి జారిన ప్రభాతకిరణములు తరంగశిఖరములను తాకి చెదరి పసిడిపొడియై రాలుచుండెను. భీమునిపట్టణమునకు ఉత్తరముగా సముద్రములోనికి చొచ్చుకొనిపోయిన నల్లరాతిగుట్ట నానుకొనియున్న ముక్కుపాలెమను జాలరిపల్లె యానాడు తన యెండుచేపల వాసనను మరచి పరిమళద్రవ్యముల చిలుకరింపులో మునిగియుండెను. వలలారవేయు నిసుకతిన్నెలపై నీలిపట్టు తోరణములు వ్రేలాడెను. పడవలు నిలుచు చోట కార్లు నిలిచెను. ఆషాఢపు తగ్గింపుధరల యమ్మకములు ముగియవచ్చి శ్రావణమాసపు పెండ్లిబేరములు మొదలుకానున్న యా సంధికాలమున నీలోర్మి యను వస్త్రవ్యాపారసంస్థ తన క్రొత్తదుస్తులను లోకమునకు చూపుటకై యా తీరమును వేదికగా నెన్నుకొనియుండెను.

పొడవాటి పలకపై నిలిచి కెరటమును స్వారిచేయు సర్ఫింగను క్రీడ తొలుత గొందరు సాహసికుల వినోదమై యుండి కాలక్రమమున నంగళ్ల కెక్కెను. సముద్రమున మోకాలైనను తడుపుకొనని యువకులు తరంగముద్రలు గల చొక్కాలు తొడిగిరి. బోర్డులను కార్లపై గట్టుకొని నగరవీథుల నూరేగిరి. కాఫీహోటళ్ల గోడలపై నవి వ్రేలాడెను. పెండ్లికి ముందు తీయించుకొను ఛాయాచిత్రములలో వధూవరులు సర్ఫుబోర్డును నడుమ నిలిపికొని నవ్వుట యాచారమయ్యెను. కెరట మెక్కువారు పిడికెడు. కెరటమును తొడుగుకొనువారు లక్షోపలక్షలు.

ఆ పిడికెడు మందిలో సూరాడ మసేనమ్మ యొకతె. తండ్రి తెప్పపై గూర్చుండి కెరటములు దాటుట శైశవముననే యెరిగి, నగరము నుండి వచ్చిన క్రీడాశిక్షకుల యొద్ద బోర్డుపై నిలుచుట నేర్చి, రాష్ట్రపు పోటీలలో నగ్రస్థానము గొన్న యా యిరువదిరెండేండ్ల జాలరికన్య మనస్సున నొక్క కోరిక మాత్రమే రేయింబవళ్లు రగులుచుండెను. బాలిద్వీపమున జరుగనున్న ఆసియాఖండపు పోటీలలో నామె నిలువవలెను. ఆ పోటీలకు జట్టును పంపు హక్కు నీలోర్మి వారిది. ఆ సంస్థ ప్రచారాధికారి శ్రీచరణుడు హైదరాబాదు నుండి దిగివచ్చి యామె విన్యాసమును చూచి ముగ్ధుడై, యామె ముఖమును చూచి మాత్రము ముగ్ధుడు కాకుండెను. ఎండకు కమిలి ఉప్పుగాలికి పగిలిన యా చెక్కిళ్లు దుకాణపు గాజుటద్దముల వెనుక మెరయవని యాతని నిర్ణయము.

"చూడమ్మా, నీ రైడింగ్ అదుర్స్. కానీ షోరూం ముఖం వేరు. హృషితగారు పడవలో వెళ్తారు. నువ్వు కెరటం మీద వస్తావు. జనం చూసేది హృషితగారినే. సరేనా?"

"మరి నా పేరో బాబూ?"

"పేరు బాలిలో వస్తుందిగా! ఇక్కడ మాత్రం నోరు విప్పావా, బాలి లేదు."

మసేనమ్మ యొక దినము నిద్రాహారములు మాని యాలోచించి తల యూపెను. హృషిత యన నప్పుడప్పుడే వెండితెరపై వెలుగుచున్న నటి. ఇరువురి యెత్తు నొక్కటే. ఇరువురకును నొకే నీలిదుస్తులు నొకే శిరోవేష్టనము కుట్టింపబడెను. ఎండసోకకుండ సర్ఫింగువారు కట్టుకొనునదను నెపమున మసేనమ్మ కన్నులు దప్ప ముఖమంతయు నొక నీలివస్త్రము కప్పెను. పథక మిది. హృషిత యందరు చూచుచుండగా పడవ యెక్కి కెరటముల కావలికి పోవును. అచట పడవ యడ్డము తిరిగినంతనే యందు దాగియున్న మసేనమ్మ నీటిలో దిగి కెరట మెక్కి యొడ్డునకు వచ్చి గుట్టప్రక్క డేరాలో దూరును. గుట్ట కావలివైపున దిగిన హృషిత వెనుకదారిని వచ్చి యదే డేరా నుండి జయజయధ్వానముల నడుమ వెలువడును.

పడవ నడుపువాడు మసేనమ్మ మేనమామ గరికిన లచ్చన్న. రహస్య మెరిగిన వాడగుటచే నాతని మూతి యుదయము నుండియు ముడుచుకొనియే యుండెను.

"ఏటే మసేనీ, మొకానికి గుడ్డ కట్టుకుని కెరటం ఎక్కడమేటే? సిగ్గు నీకా, కెరటానికా?"

"ఊరుకో మావా. బాలి ఎల్లొచ్చాక అప్పుడు తిట్టు."

"ఎల్లొచ్చాక నీ మొకం నానెలా ఆనమాలు పట్టేదే?"

పడవ యడుగున పడుకొనియున్న మసేనమ్మ నవ్వెను గాని యా మాట ముల్లువలె దిగెను. తీరమున వేలకొలది కంఠములు హృషిత నామమును ఘోషించుచుండెను. ఆ ఘోషము సముద్రఘోషమును మ్రింగి పడవను వెన్నంటి వచ్చుచుండెను.

కెరటముల కావల పడవ యడ్డము తిరిగెను. నీలోర్మి యను నక్షరములు దూరమునకు గనబడుటకై యేర్చి తెచ్చిన మిక్కిలి పొడవైన బోర్డును నీట దింపి మసేనమ్మ దానిపై బోర్ల బరుండి చేతులతో తెడ్డువేయుచు తొలగెను. ఇక దాగవలసిన హృషిత దాగలేదు. జనఘోష మామెను మత్తెక్కించెను. ఒక్కమారు చేయి యూపిన దోషమేమని తలచి యామె పడవలో నిలుచుండెను. అదేక్షణమున మేఘచ్ఛాయవంటి యొక నల్లని నీటిగుట్ట నిశ్శబ్దముగా పొంగివచ్చి పడవ నెత్తి దించెను. లచ్చన్న కేకవేయునంతలో హృషిత నీటిలో నుండెను.

పడవ యావలికి కొట్టుకొనిపోయెను. దానిని కెరటములు విరుగు తావునకు త్రిప్పిన దలక్రిందులగుట తథ్యము. హృషిత తేలుచు మునుగుచు చేతులు విసరుచుండెను. మసేనమ్మ వెనుదిరిగి చూచెను. రెండు దృశ్యము లొక్కమారు గానవచ్చెను. ఒకవైపు తాను రేయింబవళ్లు కలగన్నట్టి మహాతరంగము మెల్లగా తల యెత్తుచుండెను. అది బాలికి దారి. మరొకవైపు నీలివస్త్రములలో మునుగుచున్న యొక పిల్ల. కేక వేయబోగా ముఖముపై తడిసి యంటుకొన్న గుడ్డ నోటి కడ్డుపడెను. దానిని పెరికి సముద్రమున విసరివైచి యామె హృషిత వైపు బోర్డును మళ్లించెను.

"అక్కా! నాకు ఈత రాదక్కా!"

"ఈతెందుకే నీకు? ఎక్కు! బోర్లా పడుకో, ముందు అంచు గట్టిగా పట్టుకో!"

"చచ్చిపోతానేమో!"

"సస్తే ఒడ్డుకెళ్లాక సావు! ఇప్పుడు తల దించు!"

సర్ఫింగు శిక్షకులు నేర్పిన విద్య యేకాకివిద్య. ఒక పలకకు నొక్కరే యని వారి నియమము. తెప్ప నియమ మట్లు గాదు. తెప్పపై నొడ్డునకు వచ్చు జాలరు లిరువురలో ముందువాడు బోర్లబడి తన బరువును దుంగల కప్పగించును. వెనుకవాడు తుదను నిలిచి యా బరువు ముంచునంత ముందునకు పోకుండ తన పాదములతో వెనుకకు తూచును. తండ్రి వెన్నును ముందు చూచుచు పెరిగిన మసేనమ్మ యా తూకమును మరువలేదు. కెరటము వెన్నుతట్టినంతనే యామె బోర్డు తుదిభాగమునకు జరిగి మోకాళ్లు వంచి నిలిచెను. ముందుకొన నీటిని నాకెను, మునుగబోయెను, పాదము లింకను వెనుకకు జరిగెను, కొన లేచెను.

అప్పుడు సాగరము వారి నెత్తుకొనెను. తెల్లని నురుగు రెండువైపుల రెక్కలై విప్పారగా నీలవర్ణపు నీటిగోడ వంగి గొడుగుపట్టగా నొక పలకపై నిరువురు స్త్రీలు, ఒకతె శయనించి యొకతె నిలిచి, విల్లు విడిచిన బాణమువలె తీరమునకు దూసుకొనివచ్చిరి. నిలిచినదాని శిరోవేష్టనము గాలి కెగిరిపోయి జడ విప్పుకొనెను. ఆకాశమున దిరుగుచున్న డ్రోనుకెమెరా యా ముఖమును వేదికపై తెరమీద గోడయంత గావించి చూపెను. వేదికపైనున్న వ్యాఖ్యాత కంఠము మైకులో "హృషిత..." యని మొదలిడి నడుమనే యాగిపోయెను.

"ఓలమ్మో! అది మన మసేనేనే!" యని యెండుచేపల బుట్టల నడుమ నుండి యొక ముసలమ్మ కేకవైచెను.

ఇసుకపై హృషిత మోకాళ్లపై గూలి దగ్గుచు ప్రాణములు కూడదీసికొనుచుండగా శ్రీచరణుడు పరువెత్తుకొనివచ్చి తువ్వాలు కప్పునెపమున మసేనమ్మ చెవిలో గుసగుసలాడెను.

"గుడ్డతో మొహం కప్పుకో. ఇంకా సర్దుకోవచ్చు. నువ్వే పడిపోయావని, హృషితగారు నిన్ను కాపాడారని చెప్తాను. నీ బాలి నీకుంటుంది. మాటిస్తున్నా."

ఆమె తువ్వాలును చేత బట్టెను. కోరినదంతయు నా తువ్వాలు మడతలో నున్నది. కప్పుకొనుటయే తరువాయి. పాలెపు స్త్రీలు వేదికచుట్టు కట్టిన త్రాటి నెత్తి లోనికి దూరుచుండిరి. మసేనమ్మ తువ్వాలును మడిచి శ్రీచరణుని భుజముపైననే వైచి వ్యాఖ్యాత చేతిలోని మైకు నందుకొనెను.

"నా పేరు సూరాడ మసేనమ్మ. మాది ముక్కుపాలెం. కెరటం నానే ఎక్కినాను. ఈ గుంటపిల్లని నానే తీసుకొచ్చినాను. నాను నోరు ఇప్పితే బాలి నేదన్నారు. ఇప్పినాను. అంతే!"

శ్రీచరణుడు మైకునకై చేయి సాచెను. అంతకంటె ముందే తడిసి వణకుచున్న హృషిత దాని నందుకొనెను.

"నాకు ఈత కూడా రాదండీ. ఈ అక్క లేకపోతే నేను లేను. మీ చప్పట్లన్నీ ఈమెవే."

ఆ పిదప తీరమున రేగిన ఘోషము నడుమ మసేనమ్మ యను పేరు తప్ప మరేమియు వినరాకుండెను. లచ్చన్న పడవను గుట్టచాటున గట్టి యొడలెల్ల దడియ పరువెత్తుకొనివచ్చి మేనకోడలి గడ్డము పట్టి త్రిప్పి త్రిప్పి చూచెను.

"అదీ! అచ్చం మా అక్క మొకం. ఇప్పుడు ఆనమాలు పట్టినాను."

మధ్యాహ్నమునకే యా దృశ్యము చేతిఫోనులలో దేశమంతయు చుట్టివచ్చెను. నీలోర్మి దుకాణములకు వచ్చినవా రందరును "ఇద్దరమ్మాయిల బొమ్మ చొక్కా ఉందా?" యని యడుగుచుండిరి. లాభము వాసన గుర్తించుటలో మిక్కిలి సమర్థుడైన శ్రీచరణుడు సాయంకాలమునకు ముక్కుపాలెమునకు మరల వచ్చి యీమారు చెప్పులు విడిచి యిసుకపై గూర్చుండెను.

"బాలి నీదే మసేనమ్మా. బొమ్మ మాకివ్వు. పేరు మాత్రం కొంచెం స్టైల్‌గా, మసేనా అని..."

"పేరు మొత్తం ఎయ్యి బాబూ. ఇంటిపేరుతో. ఇంకోటి. జట్టులో మా పాలెం ఆడపిల్లలు కూడా ఉంటారు. ఒప్పుకుంటే బొమ్మ తీసుకో. నేదంటే కాఫీ తాగి ఎల్లు."

శ్రీచరణుడు కాఫీ త్రాగెను, ఒప్పుకొనెను.

శ్రావణము గడచి భాద్రపదము రాగా బాలిద్వీపపు పరదేశసముద్రతీరమున నొక యన్యభాషావ్యాఖ్యాత చేతిలోని కాగితమును పలుమారులు చూచుకొని సూరాడ మసేనమ్మ యని తడబడి తడబడి పలికెను. ఆమె నీటినుండి చేయెత్తెను. తరంగము తన నెక్కినవారి పేరు నెన్నడు నడుగదు. ఒడ్డుననున్న లోకమే యడుగును. ఆ యడిగిన క్షణమున ముఖముపై నే వస్త్రమును లేక నిండుగొంతుతో బదులు పలికినవారిది విజయము. పచ్చని యొక క్రొత్తకెరటము తల యెత్తెను. మసేనమ్మ నిలిచెను.