చేపల బజారులో తప్పిపోయిన మనిషి

హమూర్ చేపను సింకులో పెట్టి పొలుసు గీకుతున్నాను. హాల్లో మా ఆయన నన్ను మళ్ళీ జపాన్‌లో తప్పిపోయేలా చేస్తున్నాడు.

"ఎన్కకు మర్రి సూస్తే మా ఇంటిది లేదు! గంత పెద్ద చేపల బజారు. గన్ని వేలమంది. ఏడని దేవులాడాలె?"

శుక్రవారం సెలవు గనక ఎవరో ఒకరు భోజనానికి వస్తారు. వచ్చినవాళ్ళకు ఈ కథ తప్పదు. చెప్పేది ఆయన, నవ్వేది వాళ్ళు, చేప కడిగేది నేను. ఆ రోజు వచ్చినవాళ్ళు ఇద్దరు. పీరయ్యన్న మా జగిత్యాల వైపు మనిషే, వెల్డింగ్ పని, క్యాంపులో ఉంటాడు. దిలావర్ భాయ్ మా కింది వాటాలో ఉంటాడు, హైదరాబాదు వాడు, మా ఆయన కంపెనీలోనే డ్రైవరు.

నా చెవి కథ మీద లేదు, ఆకాశం మీద ఉంది. పొద్దున్నుంచి మేముండే ఈ అరబ్బు ఊరు ధహ్రాన్ మీద యుద్ధవిమానాలు ఆగకుండా తిరుగుతున్నాయి. అది తొంభై ఒకటి జనవరి. ఇరాక్ సైన్యం కువైట్ వదిలి వెళ్ళడానికి పెట్టిన గడువు ఇంకో నాలుగు రోజులు. గడువు దాటితే మా మీదికి రాకెట్లు వస్తాయని, వాటిలో విషవాయువు ఉంటుందని అందరూ అంటున్నారు. కిటికీలకు టేపు అంటించాను. సైరన్ మోగితే అందరం కూర్చోవాల్సిన పడకగది తలుపు కింద పెట్టడానికి తువ్వాళ్ళు తడిపి బకెట్లో ఉంచాను. ఉద్యోగులకు మాస్కులు ఇచ్చారు. మా ఆయనది బీరువా మీద అట్టపెట్టెలో భద్రంగా ఉంది. ఆడవాళ్ళకు, పిల్లలకు తర్వాత వస్తాయన్నారు. ఆ తర్వాత ఎప్పుడో ఎవరూ చెప్పలేదు.

ఇంటివాళ్ళను దేశానికి పంపేవాళ్ళు ఎగ్జిట్ రీ-ఎంట్రీ ఫారాలు శనివారం పొద్దున పదింటిలోగా ఇవ్వాలని కంపెనీ నోటీసు పెట్టింది. శనివారం అంటే రేపే. దిలావర్ భాయ్ తన భార్య మేరాజ్ బేగం ఫారం ఎప్పుడో సిద్ధం చేసుకున్నాడు. మా ఫారం వారం నుంచి ఫ్రిజ్ మీద ఉంది. గళ్ళన్నీ నేనే నింపాను, నా పేరు, మా బిడ్డ సృజన పేరు, పుట్టిన తేదీలు. కింద సంతకం గడి మాత్రం ఖాళీ. అక్కడ నా సంతకం చెల్లదు. మొగుడి సంతకం లేకుండా ఈ దేశం నుంచి నేను కాలు బయట పెట్టలేను.

అడిగిన ప్రతిసారీ ఒక జవాబు. "నేనుండంగ నీకేం భయమే?" అన్నాడు మొదటిరోజు. "నువ్వు పోతే నాకెవలు వండుతరు? మెస్సుల ఉడికీ ఉడకని అన్నం తినాల్నా?" అన్నాడు రెండోసారి. మూడోసారి ఊరును తెచ్చాడు. "భూమేష్‌గాడు పిరికోడు, యుద్ధమనంగనే పెండ్లాన్ని తోలిండంటరు. మా నాయిన మొఖం ఏడ పెట్టుకుంటడు?" జగిత్యాలలో ఉన్న మామయ్య మొహం కోసం ధహ్రాన్‌లో నా బిడ్డ ఊపిరి పణంగా పెట్టాలి. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే మనిషితో ఏం వాదిస్తాను? నోరు మూసుకుని వంట చేశాను. కానీ రాత్రిళ్ళు నిద్ర లేదు. నిన్న సృజన తన బొమ్మ మొహానికి తడి చేతిరుమాలు చుట్టి "ఊపిరి గట్టిగ పీల్చకు బిడ్డా" అంటుంటే విన్నాను. ఆరేళ్ళది. ఆ మాట నాదే. దానికి ఆటగా నేర్పింది నేనే.

హాల్లో కథ సాగుతోంది. "పోలీసోన్ని సూసి చేపల డబ్బల ఎనుక దాసుకున్నదే! దొంగతనం జేసినట్టు!" పీరయ్యన్న పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు.

అది నిజమే. దాక్కున్నాను. ఎందుకు దాక్కున్నానో ఆ కథలో ఎప్పుడూ ఉండదు.

కిందటేడు ఏప్రిల్‌లో కంపెనీ మా ఆయనను కంప్రెషర్ల ట్రైనింగుకని ఒక నెల జపాన్ పంపింది. ఆయన నన్నూ తీసుకెళ్ళాడు. "జపాన్ జూపెట్టిన" అని ఇప్పటికీ అందరికీ చెబుతాడు. నేను చూసిన జపాన్ అగ్గిపెట్టంత వంటగది. ఇక్కడి నుంచి కుక్కర్, పది కిలోల బియ్యం, మామిడికాయ తొక్కు మోసుకెళ్ళి అక్కడ రెండు పూటలా వండాను. ఆయనకు బయటి తిండి పడదు. బిడ్డను మేరాజ్ బేగం దగ్గర వదిలి వెళ్ళాం. చివరి ఆదివారం మాత్రం, "టోక్యోల పెద్ద చేపల బజారుందంట, లోకమంత వచ్చి సూస్తదంట" అని తెల్లవారక ముందే రైలెక్కించాడు. సుకిజీ అంటారు దాన్ని. ఆదివారం మూసి ఉంటుందని స్టేషన్లో ఎవరో చెబితే తిరిగొచ్చాం. నా మీద చిరాకుపడ్డాడు, నేనే మూసేసినట్టు. మర్నాడు సెలవు పెట్టి మళ్ళీ తీసుకెళ్ళాడు.

అలాంటి బజారు నేను చూడలేదు, చూడను. మనిషంత చేపలు గడ్డకట్టి, పొగలు కక్కుతూ, నేల మీద బారుగా పడుకోబెట్టి ఉన్నాయి. ఒక్కోదాని మీద ఎర్ర రంగుతో అంకె. పక్కన గంట మోగుతోంది, ఎవరో పాట పాడినట్టు వేలం అరుస్తున్నారు. ఐసు నీళ్ళకు చీర కుచ్చిళ్ళు తడిసి కాళ్ళకు అంటుకున్నాయి. నాలుగేళ్ళుగా బయటికి వస్తే ఒంటి మీద నల్ల అబాయా ఉండి ఉండి, చెయ్యి ఊరికే దాన్ని సర్దబోతోంది, అక్కడ అది లేదు. చేప కళ్ళు తాజాగా ఉన్నాయా లేదా అని అలవాటుగా ఒకదాని మీద వంగి చూశాను. లేచేసరికి ముందు నడుస్తున్న మా ఆయన లేడు.

నాకు భాష రాదు. చేతిలో పైసా లేదు. పాస్‌పోర్టు ఆయన నడుముకు కట్టుకున్న సంచీలో ఉంది. చిన్న మోటారు బండ్లు నా మీదికే వస్తున్నాయి. ఇటు తప్పుకుంటే అటు, అటు తప్పుకుంటే ఇటు. అప్పుడు టోపీ, యూనిఫారం వేసుకున్న ఒకాయన నన్ను చూసి చెయ్యి ఊపుతూ రావడం మొదలుపెట్టాడు. సాయం చెయ్యడానికే వచ్చి ఉంటాడని ఇప్పుడు తెలుసు. అప్పుడు నాకు గుర్తొచ్చింది ధహ్రాన్ పక్కనే అల్ ఖోబర్‌లో దిగిన మొదటి వారం మా ఆయన చెప్పిన మాట. "ఈడ ఉండనిచ్చే ఇఖామా బుక్కు నాది. అండ్ల నువ్వొక పేజీవి. నేను పక్కకు లేకుంటే నువ్వు లేనట్టే. బజార్ల ఎవలన్న పట్టుకుంటే నేనేం జెయ్యలేను." నాలుగేళ్ళు ఆ మాటతో బతికినదాన్ని. పరుగెత్తాను. థర్మోకోల్ డబ్బాల గుట్ట వెనక ముడుచుకు కూర్చున్నాను. పళ్ళు టకటకమంటుంటే పైటచెంగు నోట్లో కుక్కుకున్నాను.

నన్ను చూసింది ఒక ముసలామె. ఆ దుకాణంలో లెక్క చూసే మనిషి, చెక్కతో చేసిన చిన్న గూడులాంటి దానిలో కూర్చుంటుంది. ఏమీ అడగకుండా నన్ను ఆ గూటిలోకి లాగి, కాళ్ళ దగ్గర హీటరు పెట్టి, చేతిలో వేడి టీ పెట్టింది. కాస్త స్థిమితపడ్డాక కాగితం, పెన్సిలు ఇచ్చి నా గుండె మీద వేలు పెట్టి చూపింది. పేరు రాయమని. నేను ఇంగ్లీషులో పెద్ద అక్షరాలతో రాశాను. కింద పది అంకెల నంబరు కూడా, చూసుకోకుండా, తప్పు లేకుండా.

రాసింది మా ఆయన పేరు. ఆయన ఇఖామా నంబరు.

ఆస్పత్రిలో, బడిలో, గ్యాసుబండ కోసం, ఎక్కడ పేరడిగినా ఇక్కడ నేను చెప్పేది అదే. చెయ్యి దానంతట అదే రాసింది. కాసేపటికి బజారంతా మైకు మోగింది. జపాన్ మాటల మధ్య "భూమేషు... భూమేషు" అని. తప్పిపోయింది ఆయనని, ఎవరైనా చూస్తే పట్టుకు రమ్మని. పది నిమిషాలకు ఇద్దరు మనుషులు ఆయనను చెరో చెయ్యి పట్టుకుని నడిపించుకు వచ్చారు. ఆ ముసలామె ఆయనకూ టీ ఇచ్చి, దొరికావు కదా అన్నట్టు వీపు నిమిరింది. ఆయన నా మణికట్టు పట్టుకున్నాడు. ఆ చెయ్యి ఐసుగడ్డలా ఉంది, వణుకుతోంది. కోపమనుకున్నాను.

"ఫిర్ క్యా హువా భాయ్?" తర్వాత ఏమైందని హాల్లో అడుగుతున్నాడు దిలావర్ భాయ్.

"ఏముంటది? మైకుల పిలిచిండ్రు. నేను పోయి తోల్కొచ్చుకున్న."

వేయించిన ముక్కల పళ్ళెం పట్టుకుని హాల్లోకి వెళ్ళాను. ఎప్పుడూ గుమ్మం దగ్గర పెట్టి వచ్చేస్తాను. ఆ రోజు నడిమధ్యకు వెళ్ళి నిలబడ్డాను.

"ఎవల్ని పిలిచిండ్రో జెప్పరాదుండ్రి," అన్నాను.

ఆయన మొహం చూశాను, ఆపలేదు. పేరు రాసింది, మైకు మోగింది, ఇద్దరు పట్టుకొచ్చింది, వీపు నిమిరింది, అంతా చెప్పాను. పీరయ్యన్నకు పొలమారింది. "అరెరె, తప్పిపోయింది నువ్వేనా తమ్మీ!" దిలావర్ భాయ్ కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతున్నాడు. ఆ నవ్వుతో నాకు సంతోషం కలుగుతుందనుకున్నాను. కలగలేదు. భయం అలాగే ఉంది.

వంటగదిలోకి నా వెనకాలే వచ్చాడు. గొంతు తగ్గించి, పళ్ళు కొరుకుతూ, "నల్గుర్ల నా ఇజ్జత్ దీస్తవా? ఏమైందే నీకు?"

"నాకు భయమైతుంది," అన్నాను. "ఫారం మీద సంతకం పెట్టుండ్రి."

"మల్ల అదే లొల్లి..."

ఆయన మాట పూర్తి కాలేదు. విమానం ఒకటి ఇంటి కప్పును రాసుకుంటూ పోయినట్టు పోయింది. టేపు అంటించిన అద్దాలు గలగలలాడాయి. పక్క గదిలో సృజన కేక పెట్టింది. నేను అటు ఉరకబోయాను. ఉరకలేకపోయాను. ఆయన నా మణికట్టు పట్టుకున్నాడు. చెయ్యి ఐసుగడ్డలా ఉంది.

"నువ్వు పోతే," అన్నాడు, నేలకేసి చూస్తూ, "సైరన్ మోగినప్పుడు నేనొక్కన్నే ఆ అర్రల ఎట్ల కూసోవాలె ప్రేమా?"

పెళ్ళయి పదకొండేళ్ళు. పేరు పెట్టి పిలిచింది వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. నా గుండె కరిగింది, అబద్ధమెందుకు. పాపం అనిపించింది. వంట, ఊరు, పరువు, మామయ్య మొహం, అన్నీ ఇంత చిన్న మాటకు కప్పిన దుప్పట్లు. ఆయనకు పై ఆఫీసరంటే భయం, కొత్త ఊరంటే భయం, ఒంటరిగా అన్నం తినడమంటే భయం. అవన్నీ నేను మోసుకొచ్చాను, బియ్యమూ కుక్కరూ మోసినట్టే. ఆయన ధైర్యవంతుడిగా నలుగురిలో తిరగడానికి ఇంట్లో నేను పిరికిదానిగా ఉండాలి. గిన్నెలు తోమడం, గుడ్డలుతకడం ఇంటిపని అని తెలుసు. ఒక మగవాడి భయాన్ని మోయడం కూడా ఇంటిపనేనని, దానికీ సెలవు లేదని ఇప్పుడే తెలిసింది. మామూలు రోజైతే ఇంకో ఇరవై ఏళ్ళు మోసేదాన్నేమో. కానీ పక్క గదిలో నా బిడ్డ ఏడుస్తోంది, దానికి మాస్కు లేదు.

"మీకు భయమైతే మీరు గూడ రాండ్రి," అన్నాను. "ముగ్గురం పోదాం. రానంటే మమ్మల్ని పోనియ్యుండ్రి. మీ భయానికి తోడుగ నా బిడ్డను ఈడ కూసోబెట్ట."

"నౌకరీ ఇడిసి యాడికొస్తనే?"

"గట్లయితే సంతకం పెట్టుండ్రి."

మణికట్టు విడిపించుకుని వెళ్ళి సృజనను చంకన ఎత్తుకున్నాను. ఫ్రిజ్ మీది కాగితం తీసుకుని హాల్లోకి నడిచాను. ఆయన వెనకాలే వచ్చి గుమ్మంలో ఆగిపోయాడు.

"దిలావర్ భాయ్, రేపు పొద్దుగాల మేరాజక్క ఫారంతోని మాది గూడ ఆఫీసుల ఇయ్యుండ్రి," అన్నాను. "ఈయన ఇప్పుడు సంతకం పెడుతుండు."

"అట్లనే భాభీ. మేరాజ్‌కు భీ తోడుంటది," అన్నాడు దిలావర్ భాయ్. నవ్వడం మానేసి మా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తున్నాడు. తన జేబులోని పెన్ను తీసి మా ఆయన వైపు చాపాడు.

నలుగురి ముందు కాదనలేకపోయాడు. వచ్చి కూర్చున్నాడు. "నేనే పంపుదామనుకున్న," అన్నాడు పీరయ్యన్నతో. అనుకోనీ. ఆ గొప్ప ఆయనకే ఉండనీ.

చేపల పళ్ళెం జరిపి కాగితం పరిచాను. పెన్ను గడి మీదికి తెచ్చాడు గానీ చెయ్యి నిలబడడం లేదు. కాగితం చివర్లు కూడా కదులుతున్నాయి. మిగతా ఇద్దరూ చూడకుండా తలలు తిప్పుకున్నారు. ఇన్నేళ్ళూ ఆ చెయ్యి వణికితే గబుక్కున పట్టుకునేదాన్ని.

ఈసారి కాగితాన్ని కదలకుండా పట్టుకున్నాను.